రాత్రంతా చెమటలు, ఎనిమిది కిలోల బరువు... టామాక్సిఫెన్ మానేయాలనిపిస్తోంది

తడిదిండు
నిన్న రాత్రి నాలుగుసార్లు లేచాను. పదకొండున్నరకి, ఒంటిగంటకి, రెండూ నలభైకి, మళ్లీ నాలుగున్నరకి. ప్రతిసారీ ఒకటే వరస. ముందు గుండె దడదడలాడుతుంది. తర్వాత ఛాతీ నుంచి మెడ మీదుగా మొహానికి ఆవిరి పట్టినట్టు వేడి పాకుతుంది. రెండు నిమిషాల్లో మెడ వెనక జుట్టు తడిసి ముద్దయిపోతుంది, నైటీ వీపుకి అతుక్కుపోతుంది. లేచి ఫ్యాన్ కింద కూర్చుంటే పది నిమిషాలకి వణుకు. మళ్లీ దుప్పటి. మళ్లీ మొదటికి.

నా వయసు 44. రొమ్ము క్యాన్సర్‌కి ఆపరేషన్, ఎనిమిది కీమోలు, రేడియేషన్ అన్నీ అయ్యాయి. జబ్బు తిరగబెట్టకుండా ఇచ్చే హార్మోన్ మాత్ర, టామాక్సిఫెన్ 20 మి.గ్రా., మొదలుపెట్టి నాలుగు నెలలు. కీమోకి ముందు 61 కిలోలు ఉండేదాన్ని, ఇప్పుడు 69. తిండి పెంచింది లేదు, ఇంకా తగ్గించాను. డాక్టరు గారికి చెబితే "ఇవన్నీ మామూలేనమ్మా, సర్దుకుంటాయి" అని తర్వాతి పేషెంట్‌ని పిలిచారు. ఐదేళ్లు వేసుకోవాలట. ఐదేళ్లు నిద్ర లేకుండా ఎలా బతకాలి? ఆదివారం నుంచి మాత్ర మానేద్దామని ఉంది. మానేసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

మేఘమాల
మానొద్దు. మిగతావన్నీ తీరిగ్గా మాట్లాడుకుందాం, ముందు ఆ ఆదివారం సంగతి మర్చిపో.

చిన్నక్క_58
చెల్లీ, రెండూ నలభై అని నిమిషాలతో సహా గుర్తుందంటే ఎంత విసిగిపోయి ఉన్నావో అర్థమవుతోంది. నాకు మెనోపాజ్ అయ్యాక క్యాన్సర్ వచ్చింది కాబట్టి లెట్రోజోల్ అనే ఇంకో హార్మోన్ మాత్ర ఇచ్చారు, 2.5 మి.గ్రా. మూడో ఏడు నడుస్తోంది. మొదటి ఆరు నెలలూ నరకం చూశాను. ఇప్పుడు రాత్రికి ఒకసారి వస్తే వస్తుంది. అందరికీ ఇలాగే తగ్గుతుందని మాటివ్వలేను, నాతోపాటే మొదలుపెట్టిన ఒకావిడకి ఇంకా అలాగే ఉన్నాయి.

నాకు పనికొచ్చింది చెబుతాను. దిండు మీద టవల్ పరుచుకుంటాను. మంచం పక్కన కుర్చీ మీద ఇంకో నైటీ, ఇంకో టవల్ మడతపెట్టి పెడతాను. మెలకువ రాగానే లైటు వేయను. చీకట్లోనే తడిది తీసి కిందపడేసి, పొడిది తొడుక్కుని, టవల్ మార్చి పడుకోవడమే. ఇదివరకు లైటు వేసి, బీరువా తీసి వెతుక్కుని, ఆ తర్వాత ఫోన్ చూసుకుంటూ కూర్చుని గంట పోగొట్టుకునేదాన్ని. ఇప్పుడు ఐదు నిమిషాలు. చెమట తగ్గకపోయినా నిద్ర మిగిలింది. ఇద్దరికీ కలిపి ఒక పెద్ద దుప్పటి ఉంటే తీసేసి చెరొకటి పెట్టుకోండి.

మేఘమాల
చెరో దుప్పటి మాట వందశాతం నిజం. నా కోసం గది చల్లగా పెట్టి మా ఆయన చెవులకి మఫ్లర్ చుట్టుకుని పడుకుంటున్నారు పాపం. ఉలెన్ సాక్సులు కూడా కొనిచ్చాను.

కొత్తచిగురు
నేను మానేశాను. తిట్టకండి. నాది అనస్ట్రోజోల్ 1 మి.గ్రా., అదీ లెట్రోజోల్ లాంటిదే, పద్నాలుగు నెలలు వేసుకున్నాను. చెమటలు ఒక ఎత్తయితే, పొద్దున్నే వేళ్లు ముడుచుకోవు, మెట్లు దిగాలంటే గోడ పట్టుకోవాలి. ఏడు వారాల క్రితం స్ట్రిప్ అయిపోయింది, కొత్తది కొనలేదు. డాక్టర్‌కి ఇంకా చెప్పలేదు. కీళ్లు తేలికయ్యాయి. చెమటలు మాత్రం తగ్గాయే గానీ పోలేదు.

నర్సక్క
కొత్తచిగురూ, తిట్టడానికి ఎవరికీ హక్కు లేదు. ఇలా చెప్పకుండా మానేసేవాళ్లు చాలామంది. పాతికేళ్లు క్యాన్సర్ వార్డులో పనిచేశాను, మాత్ర మానేసి డాక్టర్ ముందు "వేసుకుంటున్నా" అని తలూపినవాళ్లని ఎందరినో చూశాను. నన్ను భయపెట్టేది మానడం కన్నా ఆ తలూపడమే. మీరు వేసుకోవడం లేదని తెలిస్తే డాక్టర్ వేరే దారి చూస్తారు, తెలియకపోతే ఇంకేం చూస్తారు?

ఈ మాత్రలు ఎందుకంత ముఖ్యమో ఒకసారి చెప్పాలి. టామాక్సిఫెన్ మీద జరిగిన 20 పరీక్షల వివరాలు కలిపి 2011లో లెక్క తీశారు. హార్మోన్ పాజిటివ్ గడ్డ, అంటే ఈస్ట్రోజెన్ లాంటి హార్మోన్లతో పెరిగే గడ్డ, ఉన్నవాళ్లు ఐదేళ్లు వాడితే, వాడే ఐదేళ్లలో జబ్బు తిరగబెట్టడం దాదాపు సగానికి తగ్గింది. పదిహేనేళ్లు చూస్తే రొమ్ము క్యాన్సర్‌తో చనిపోవడం మూడోవంతు తగ్గింది. మాత్ర మానేసినా కూడా ఆ మేలు ఏళ్ల తరబడి నిలిచింది. కాబట్టి "వేసుకోవాలా వద్దా" అన్న ప్రశ్నని కాస్త మార్చుకుందాం, "దీన్ని వేసుకుంటూ నిద్ర ఎలా పోవాలి" అని. దానికి మందులున్నాయి. "మామూలే" అన్న మాటతో ఆ కబురు అక్కడే ఆగిపోతోంది, అదే నా బాధ.

తడిదిండు
మందులున్నాయా?? నాకెవరూ చెప్పలేదు.

నర్సక్క
ఉన్నాయి తల్లీ. ముందు అసలు ఎందుకొస్తుందో చెబుతాను, అప్పుడు మందు అర్థమవుతుంది.

మెదడులో హైపోథలామస్ అని ఒంటివేడిని కనిపెట్టుకుని ఉండే చోటు ఒకటుంది. ఈస్ట్రోజెన్ అందుతున్నంతకాలం ఒళ్లు కొంచెం వేడెక్కినా, కొంచెం చల్లబడినా అది ఓర్చుకుంటుంది. ఈస్ట్రోజెన్ పోయినా, టామాక్సిఫెన్ అడ్డుపడి అందకపోయినా ఆ ఓర్పు సన్నబడిపోతుంది. దుప్పటి కింద ఒళ్లు రవ్వంత వేడెక్కితే చాలు, ఇల్లు కాలిపోతోందన్నట్టు హడావుడి చేస్తుంది. చర్మం కింద రక్తనాళాలు తెరుచుకుంటాయి, చెమట పోస్తుంది. వేడి ఒక్కసారిగా బయటికి పోవడంతో తర్వాత వణుకు. తడిదిండు మొదటి పోస్టులో రాసింది అచ్చంగా ఇదే.

ఇక మందులు. వెన్లాఫాక్సిన్ అని దిగులుకి వాడే మందు, తక్కువ డోసులో ఈ వేడి ఆవిర్లకి (హాట్ ఫ్లాష్‌లకి) ఇస్తారు. 2000లో వచ్చిన పరీక్షలో రోజుకి 75 మి.గ్రా. వేసుకున్నవాళ్లకి ఆవిర్ల తీవ్రత 61 శాతం తగ్గింది. 37.5తో 37 శాతం. మందు లేని ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లకి కూడా 27 శాతం తగ్గింది, అదీ దృష్టిలో పెట్టుకోండి. మొదటి వారం వికారం ఉండొచ్చు, బీపీ చూసుకోవాలి, ఆపాల్సి వస్తే నెమ్మదిగా తగ్గించుకుంటూ ఆపాలి. రాత్రి చెమటలే ఎక్కువైతే గాబాపెంటిన్ పడుకునే ముందు ఇస్తారు, అది మత్తు తెస్తుంది కాబట్టి రాత్రికి ఆ మత్తే మేలు. ఆక్సీబ్యుటినిన్ అని మూత్రాశయానికి వాడే మందు కూడా పనిచేస్తుంది, నోరు ఎండుతుంది. ఎవరికి ఏది అన్నది మీ మిగతా జబ్బులు, మందులు చూసి డాక్టర్ తేల్చాలి.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నా. టామాక్సిఫెన్ వాడేవాళ్లు పారోక్సెటిన్, ఫ్లుయోక్సెటిన్ అనే దిగులు మందుల జోలికి పోకూడదు. టామాక్సిఫెన్ లివర్‌లో ఎండాక్సిఫెన్‌గా మారాకే సరిగ్గా పనిచేస్తుంది, ఈ రెండూ ఆ మార్పుకి అడ్డుపడతాయి. వేరే డాక్టర్ దగ్గరికి దిగులుకని వెళ్లినా, నిద్రకని వెళ్లినా "నేను టామాక్సిఫెన్ మీద ఉన్నాను" అని మొదటి మాటగా చెప్పండి.

మేఘమాల
నాకు మా సర్జన్ ఇచ్చిన చీటీలో ఫ్లుయోక్సెటిన్ ఉంటే మందుల షాపులో కుర్రాడు పట్టుకున్నాడు. "అక్కా, ఈ రెండూ కలిపి వేసుకోవచ్చో లేదో ఒకసారి అడగండి" అన్నాడు. ఆ అబ్బాయికి జీవితాంతం రుణపడి ఉంటాను.

పచ్చనాకు
ఇన్ని ఇంగ్లీషు మందులు ఎందుకండీ, వేడి ఆవిర్లకి మూలికల క్యాప్సూల్స్ దొరుకుతాయి కదా. ప్రకృతివి కాబట్టి సైడ్ ఎఫెక్ట్స్ ఉండవు. మా వదినకి బ్లాక్ కోహోష్‌తో నెలలో తగ్గిపోయాయి.

నర్సక్క
మీ వదినగారికి రొమ్ము క్యాన్సరా, మామూలు మెనోపాజా?

పచ్చనాకు
మామూలు మెనోపాజే.

నర్సక్క
అదే తేడా అండీ. బ్లాక్ కోహోష్ మీద చేసిన పరీక్షల్లో ఉత్తుత్తి మాత్ర కన్నా గట్టిగా మెరుగని తేలలేదు. పైగా లివర్ దెబ్బతిన్న కేసులు ఉన్నాయి. కొన్ని క్యాప్సూల్స్‌లో మొక్కల నుంచి తీసిన ఈస్ట్రోజెన్ లాంటి పదార్థాలు గాఢంగా ఉంటాయి. మనం ఒకవైపు ఈస్ట్రోజెన్‌ని ఆపడానికి మాత్ర వేసుకుంటూ, ఇంకోవైపు దాని పోలికున్నదాన్ని క్యాప్సూల్‌లో మింగడం ఎందుకు? సోయా తిండిగా మామూలు మోతాదులో తింటే భయం లేదు, నేనంటున్నది క్యాప్సూల్స్ గురించి.

ఆ మాటకొస్తే అసలు హార్మోన్లే తిరిగి ఇచ్చి చూశారు. హాబిట్స్ అని ఒక పరీక్ష. రొమ్ము క్యాన్సర్ వచ్చిపోయినవాళ్లకి ఆవిర్ల కోసం హార్మోన్లు ఇస్తే, ఇవ్వనివాళ్ల కన్నా ఎక్కువమందికి జబ్బు తిరగబెట్టింది. 2003 డిసెంబరులో మధ్యలోనే ఆపేశారు. అందుకే మనకి హార్మోన్ లేని మందులే వెతుకుతారు.

పచ్చనాకు
ఇది నాకు తెలియదు. మా వదిన మాట ఇక్కడ చెప్పి ఉండాల్సింది కాదు, క్షమించండి.

చిన్నక్క_58
క్షమాపణ ఎందుకమ్మా, నువ్వు అడగబట్టే మా అందరికీ తెలిసింది. నేను కూడా ఒక డబ్బా కొని అలమారాలో పెట్టాను, ఇప్పుడే తీసి పడేశాను.

మగమనిషి
ఈ చర్చలో నేను రాయొచ్చో లేదో. మగవాణ్ణి, 57 ఏళ్లు. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లలో వందకి ఒకరు మగవాళ్లు ఉంటారట, ఆ ఒకణ్ణి నేను. టామాక్సిఫెన్ రెండో ఏడు. నాకూ ఇవే చెమటలు. ఆఫీసులో మీటింగ్ మధ్యలో చొక్కా తడిసిపోతే అందరూ గుండెపోటేమో అని కంగారుపడ్డారు. ఏమైందని అడిగితే ఏం చెప్పాలో తెలియలేదు. ఇంట్లో నా భార్య తన మెనోపాజ్ అనుభవంతో "ఒక లోపలి బనియను, పైన వదులు చొక్కా, వేడి మొదలవగానే పై చొక్కా విప్పెయ్" అని నేర్పింది. సంచిలో ఒక చొక్కా అదనంగా ఉంటుంది ఎప్పుడూ.

మేఘమాల
ఎందుకు రాయకూడదు అన్నయ్యా! చెమటకి ఆడా మగా ఏముంది. ఆఫీసులో ఏం చెప్పారు చివరికి?

మగమనిషి
నిజమే చెప్పాను. "మందు వల్ల వస్తుంది, ఐదు నిమిషాల్లో పోతుంది, కిటికీ తీయండి చాలు" అన్నాను. ఇప్పుడు నేను నుదురు తుడుచుకోగానే పక్కవాళ్లే లేచి కిటికీ తీస్తారు.

తడిదిండు
ఇవన్నీ చదువుతూ ఏడ్చాను. నాలుగు నెలల్లో ఇంత వివరంగా ఎవరూ మాట్లాడలేదు నాతో. మాత్ర మానను, మాటిస్తున్నా. కానీ బరువు సంగతి? అద్దంలో చూసుకుంటే వేరే ఎవరో ఉన్నట్టుంది. జాకెట్లు ఏవీ పట్టడం లేదు. టామాక్సిఫెన్ వల్లే కదా ఇది?

నడకరాణి
టామాక్సిఫెన్ వల్ల కాకపోవచ్చు. నేనూ ఏడాదిపాటు ఆ మాత్రనే తిట్టుకున్నాను. ఐబిస్ వన్ అని ఒక పెద్ద పరీక్షలో టామాక్సిఫెన్ వేసుకున్నవాళ్లూ, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లూ దాదాపు ఒకేలా బరువు పెరిగారు.

మేఘమాల
ఇది మాత్రం నేను ఒప్పుకోను రాణీ. నాకు మాత్ర మొదలైన మూడో నెల నుంచే పెరిగింది. నా ఒళ్లు నాకు తెలియదా?

నడకరాణి
నీ ఒళ్లు పెరగలేదని అనడం లేదు మాలా. ఎందుకు పెరిగిందన్నదే నా ప్రశ్న. నీకు మాత్ర ఒక్కటే కాదు కదా, అండాశయాలు ఆపే ఇంజెక్షన్ కూడా ఉంది. దానికి ముందు కీమో. కీమోతోపాటు ఇచ్చే స్టెరాయిడ్, డెక్సామెథసోన్. ఒక్కొక్కటి విడదీసి చూడు.

డెక్సామెథసోన్ ఆకలి పెంచుతుంది, ఒంట్లో నీరు పట్టిస్తుంది, షుగర్ పెంచుతుంది, నిద్ర చెడగొడుతుంది. నాకు కీమో రోజు రాత్రి రెండింటికి వంటింట్లో డబ్బాల మూతలు తీసుకుంటూ నిలబడ్డది బాగా గుర్తు. కీమోతో నెలసరి ఒక్కసారిగా ఆగిపోతుంది, పదేళ్లలో మెల్లగా జరగాల్సింది నాలుగు నెలల్లో జరిగిపోతుంది. నీరసానికి మంచం దిగం. మంచం దిగకపోతే కండ కరుగుతుంది, కండ కరిగితే ఒళ్లు కూర్చున్నచోట ఖర్చుచేసే శక్తి తగ్గుతుంది. అప్పుడు అదే తిండి తిన్నా మిగిలిపోయి కొవ్వవుతుంది. తడిదిండు "తిండి తగ్గించాను" అన్నది అక్షరాలా నిజమే. తగ్గించినా పెరగడం అందుకే.

పైగా నిద్ర. రాత్రికి నాలుగుసార్లు లేచినవాళ్లకి మర్నాడు తీపి మీదకి మనసు పోకుండా ఎలా ఉంటుంది?

మేఘమాల
సరే. ఇంజెక్షన్ సంగతి మర్చిపోయాను. గోసెరెలిన్, 28 రోజులకోసారి పొట్ట మీద వేస్తారు. నా వయసు 36, ఒక్క రోజులో అమ్మమ్మ వయసు వచ్చినట్టయింది. మాత్రదొక్కదాన్నే దోషిని చేయను. కానీ దాని పాత్ర అసలు లేదంటే మనసు ఒప్పుకోవడం లేదు.

నడకరాణి
అలాగే ఉంచుకో, పర్లేదు. కారణం ఏదైనా చేయాల్సింది ఒకటే కదా.

నేను మొదట కడుపు మాడ్చుకున్నాను. మూడు కిలోలు తగ్గాయి, సంతోషించాను. తర్వాత చూస్తే చేతిలో బకెట్ నిలవడం లేదు. తగ్గింది కండ. అప్పుడు ఒక ఫిజియోథెరపిస్ట్ పట్టుకుని అడిగింది, "మీకు సన్నబడాలా, బలపడాలా?" అని. అప్పటి నుంచి ప్రతి పూటా ప్రొటీన్ ఉండేలా చూసుకున్నాను, వారంలో ఐదురోజులు అరగంట చొప్పున వేగంగా నడక, రెండు రోజులు బరువులు. అరకిలో డంబెల్‌తో మొదలు. ఇప్పుడు నాలుగు కిలోలు ఎత్తుతాను. తూకం ఏడాదిలో రెండున్నర కిలోలే తగ్గింది, నడుము మాత్రం తొమ్మిది సెంటీమీటర్లు. అందుకే తూకం కన్నా టేపు నమ్ముతాను.

కొత్తచిగురు
బరువులా? నాకు చంకలో లింఫ్ గ్రంథులన్నీ తీశారు. ఆ చేత్తో రెండు కిలోలు కూడా ఎత్తొద్దని, చెయ్యి వాచిపోతుందని చెప్పారు. ఐదేళ్లుగా సంచి కూడా ఎడమచేత్తోనే మోస్తున్నాను.

నడకరాణి
నాకూ అదే చెప్పారు. అది పాత మాట. 2009లో వచ్చిన పరీక్షలో అప్పటికే చెయ్యి వాచినవాళ్లతోనే వారానికి రెండుసార్లు బరువులు ఎత్తించారు, నెమ్మదిగా పెంచుకుంటూ, చేతికి బిగుతు తొడుగు వేసి. వాపు పెరగలేదు. ఉన్న బాధలు కూడా ఎత్తనివాళ్ల కన్నా తగ్గాయి. తెలిసినవాళ్ల దగ్గర నేర్చుకుని, తక్కువతో మొదలుపెట్టాలి. బరువుగా అనిపించినా, వాపు కనిపించినా ఆగి చూపించుకోవాలి. అంతేగానీ ఐదేళ్లు ఆ చేతిని వాడకుండా కట్టేస్తే అది ఇంకా బలహీనమవుతుంది.

అమ్మకూతురు
మధ్యలో వస్తున్నందుకు సారీ. మా అమ్మకి డోసెటాక్సెల్ అనే కీమో నడుస్తోంది, నాలుగోది అయింది. మీరంతా బరువు గురించి రాస్తున్నారని అడుగుతున్నా. అమ్మ ఐదు రోజుల్లో మూడు కిలోలు పెరిగింది. ఇది కూడా డెక్సా ఆకలేనా? సరిగ్గా తినడం కూడా లేదు.

నర్సక్క
కాళ్లు చూశావా? చీలమండ దగ్గర వేలితో నొక్కితే గుంట పడుతోందా? పడుకుంటే ఆయాసం వస్తోందా?

అమ్మకూతురు
ఇప్పుడే నొక్కి చూశాను. గుంట పడింది, వెంటనే పోలేదు. నిన్నటి నుంచి రెండు దిండ్లు పెట్టుకుని పడుకుంటోంది.

నర్సక్క
ఇప్పుడే కీమో యూనిట్‌కి ఫోన్ చెయ్యి. పొద్దున్న దాకా ఆగకు. ఐదు రోజుల్లో మూడు కిలోల కొవ్వు పట్టదు, అది నీరు. డోసెటాక్సెల్ నీరు పట్టిస్తుంది. గుండె మీద ప్రభావం చూపే మందులు కూడా ఇచ్చి ఉంటే దాన్నీ చూడాలి. ఆయాసం పెరిగితే ఫోన్ కోసం కూడా ఆగకుండా ఎమర్జెన్సీకి తీసుకెళ్లు.

మిగతావాళ్లు కూడా ఇది గుర్తుపెట్టుకోండి. కీమో నడుస్తుండగా చెమటలు పడితే ముందు థర్మామీటర్ పెట్టండి. 38 డిగ్రీల సెల్సియస్ దాటితే అది హాట్ ఫ్లాష్ అనుకుని పడుకోకూడదు, తెల్లకణాలు పడిపోయి ఇన్ఫెక్షన్ వచ్చి ఉండొచ్చు, అదే రాత్రి ఆసుపత్రికి వెళ్లాలి. టామాక్సిఫెన్ వాడేవాళ్లకి ఒక్క కాలే వాచి నొప్పి పెట్టినా, ఉన్నట్టుండి ఊపిరాడకపోయినా, నెలసరి ఆగాక మళ్లీ రక్తం కనిపించినా వెంటనే చెప్పాలి.

అమ్మకూతురు
రమ్మన్నారు. బయల్దేరుతున్నాం.

చిన్నక్క_58
వెళ్లిరండి తల్లీ. వచ్చాక ఒక్క ముక్క రాయి.

వాళ్ళాయన
నా భార్యకి ఈ మధ్యే లెట్రోజోల్ మొదలైంది. రాత్రి ఆమె లేచినప్పుడల్లా నేనూ లేచి "ఏమైంది, మంచినీళ్లు కావాలా, డాక్టర్‌కి ఫోన్ చేయనా" అని అడుగుతాను. ఆమెకి చిరాకు వస్తోంది. నేనేం చేస్తే బాగుంటుంది?

చిన్నక్క_58
అడగొద్దు నాయనా. పడుకునే ముందే చల్లని నీళ్ల సీసా, పొడి బట్టలు ఆమె చేతికందేలా పెట్టి, ఫ్యాన్ రిమోట్ ఆమె వైపు ఉంచు. రాత్రి ఆమె లేచినప్పుడు చెయ్యి ఒకసారి పట్టుకుని వదిలెయ్, మాట్లాడకు. మాటలతో పూర్తి మెలకువ వచ్చేస్తుంది.

మగమనిషి
పడుకునే ముందు వేడినీళ్ల స్నానం, కారం, సాయంత్రం తర్వాత కాఫీ, మద్యం వీటిని కూడా కనిపెట్టండి. అందరికీ అన్నీ పడకపోవడం ఉండదు. నాకు కాఫీతో ఏమీ కాలేదు, వేడినీళ్ల స్నానంతో మాత్రం గ్యారంటీగా వస్తుంది. రెండు వారాలు రాసుకుంటే తెలిసిపోతుంది.

అమ్మకూతురు
వచ్చేశాం. రెండు రోజులు ఉంచారు. నీరు పోవడానికి మందు ఇచ్చారు, గుండె స్కాన్ బాగానే ఉందట. వచ్చే డోసుకి ముందు మళ్లీ చూస్తామన్నారు. నాలుగు కిలోలు దిగింది. అమ్మ పక్కనే ఉంది, ఆ నర్సక్కకి నా దండాలు రాయి అంటోంది.

నర్సక్క
అమ్మకి నా నమస్కారం. ఇకనుంచి రోజూ పొద్దున్నే ఒకే సమయానికి బరువు చూసి రాసిపెట్టు.

తడిదిండు
మూడు వారాల తర్వాత వస్తున్నా. మగమనిషి గారు చెప్పినట్టు రాసుకున్నాను. ఒక చిన్న పుస్తకం, మంచం పక్కన పెన్సిల్. లైటు వేయకూడదన్నారు కదా చిన్నక్కా, చీకట్లోనే ఒక్కో గీత గీసేదాన్ని. తెల్లారి చూస్తే గీతలు ఒకదాని మీద ఒకటి. పద్నాలుగు రాత్రుల్లో 53 గీతలు.

ఆ పుస్తకం డాక్టరు గారి బల్ల మీద పెట్టాను. ఈసారి "మామూలే" అనలేదు. పేజీలు తిప్పి చూసి "ఇన్నిసార్లా?" అన్నారు. థైరాయిడ్ పరీక్ష చేయించారు, బాగానే ఉంది. వెన్లాఫాక్సిన్ 37.5తో మొదలుపెట్టి వారం తర్వాత 75 చేశారు. మొదటి నాలుగు రోజులు వికారంతో అల్లాడాను. ఇప్పుడు రాత్రికి రెండు గీతలు.

మేఘమాల
నీ పుస్తకం ఫ్రేమ్ కట్టించాలి! నేను కూడా రేపటి నుంచి గీతలే.

స్థిమితం
చాలా రోజులుగా చదువుతున్నా, మొదటిసారి రాస్తున్నా. నాకు మందులు పడలేదు, సీబీటీ అనే కౌన్సెలింగ్‌కి వెళ్లాను. వారానికొకటి, ఆరు వారాలు. 2012లో రొమ్ము క్యాన్సర్ పేషెంట్ల మీద చేసిన మెనోస్ పరీక్షలో దీని వల్ల చెమటల లెక్క పెద్దగా తగ్గలేదు గానీ అవి పెట్టే బాధ తగ్గింది, నిద్ర మెరుగైంది. నాకూ అంతే జరిగింది. ఇదివరకు వేడి మొదలవగానే "అయిపోయింది, ఈ రాత్రికి నిద్ర పోయినట్టే, రేపు ఆఫీసులో పడిపోతాను" అని మనసు పరుగెత్తేది. ఇప్పుడు "వచ్చింది, మూడు నిమిషాల్లో పోతుంది" అనుకుని నెమ్మదిగా, లోతుగా ఊపిరి తీస్తూ పడుకుంటాను. పోతుంది కూడా.

నర్సక్క
మందు పడనివాళ్లకి ఇది మంచి దారి. కొత్త మందులు కూడా వస్తున్నాయి. ఎలిన్జానెటాంట్ అని, నేను చెప్పిన ఆ హైపోథలామస్ దగ్గరే పనిచేస్తుంది, హార్మోన్ కాదు. మనలాగా హార్మోన్ మాత్రల మీద ఉన్న ఆడవాళ్ల మీదే చేసిన పరీక్ష ఫలితాలు 2025లో వచ్చాయి, ఆవిర్లు బాగా తగ్గాయి. మీ దగ్గర దొరుకుతుందో, మీకు సరిపోతుందో మీ డాక్టర్‌ని అడగండి.

కొత్తచిగురు
నేనూ వెళ్లొచ్చాను. తడిదిండు పుస్తకం సంగతి చదివాక ధైర్యం వచ్చింది. గదిలోకి వెళ్లి కూర్చోగానే చెప్పేశాను, "పదివారాలుగా మాత్ర వేసుకోవడం లేదండీ" అని. చేతులు వణికాయి. ఆవిడ కోప్పడలేదు. కుర్చీ ముందుకి జరుపుకుని "ఏ బాధ వల్ల మానారో అది చెప్పండి" అన్నారు. కీళ్ల గురించి అరగంట విన్నారు. ఎముకల స్కాన్ రాశారు. అనస్ట్రోజోల్ బదులు ఎగ్జెమెస్టేన్ 25 మి.గ్రా. ఇచ్చారు. ఒకటి పడకపోతే ఇంకోటి పడొచ్చట, చూద్దామన్నారు. ఇవాళ రాత్రి మొదటి మాత్ర. ఎప్పుడు వేసుకోమన్నారో కంగారులో మర్చిపోయాను, తినకముందా తిన్నాకా?

చిన్నక్క_58
తిన్నాక వేసుకో. చీటీ మీద కూడా రాసి ఉంటుంది, ఒకసారి చూసుకో. కుర్చీ మీద పొడి నైటీ పెట్టుకున్నావా?

కొత్తచిగురు
పెట్టుకున్నా అక్కా. పుస్తకం, పెన్సిల్ కూడా.